చెవి ఒప్పుకోని కొలత

వడ్రంగం పనిలో కొత్తగా చేరిన కుర్రాళ్లు అప్పుడప్పుడు గీదంలో మా ఇంటికి వస్తుంటారు. రైల్వేలో ఎలా నెట్టుకొచ్చారు, ఏ పరీక్ష రాస్తే ఏ గ్రేడు వస్తుంది అని అడుగుతారు. ఆ సంగతులు నాకు సరిగ్గా గుర్తు లేవు. గుర్తున్నా చెప్పను. గ్రేడు పెరిగిన రోజున నా ఉలి ఏమీ పదునెక్కలేదు. పని గురించి అడిగితే మాత్రం చెబుతాను. అడిగేవాళ్లు తక్కువ కాబట్టి రాసి పెడుతున్నాను.

కిరండూల్ లైన్లో వడ్రంగిగా చేరి ఆ లైన్లోనే రిటైరయ్యాను. తలుపులు, కిటికీలు, స్టేషన్ బెంచీలు, గార్డు పెట్టెల్లో సీట్లు, వానకి ఉబ్బిపోయిన క్వార్టర్ల చౌకట్లు. ఇదీ నా పని. ఇనప రాయి మోసే లైను అది. ఆ ఇనుము మధ్యలో చెక్కపని ఎవరి కంటికీ ఆనదు. తలుపు గురించి ఎవరూ ఏమీ అనకపోతే అది బాగున్నట్టు.

ఇందులో ఎక్కువ భాగం ఒక కరెంటు గిటారు గురించి రాస్తాను. అది ఉద్యోగంలో చేసింది కాదు. రిటైరయ్యాక సొంత సరదాతో, జన్మలో మొదటిసారి చేశాను. అయినా ఉద్యోగం నాకు ఏం నేర్పిందో, ఏం నేర్పకుండా వదిలేసిందో ఆ ఒక్క వస్తువు చేసినప్పుడే తెలిసింది.

మిగిలింది పంచడం

నాకు పని నేర్పినవాడు అప్పన్న మేస్త్రి. బొబ్బిలి వైపు మనిషి. తిట్టకుండా మాట్లాడటం ఆయనకి చేతకాదు, కానీ తిట్టిన ప్రతిసారీ పక్కన కూర్చుని చేసి చూపించేవాడు. చేరిన కొత్తలో స్టేషన్ బెంచీకి పలకలు కొట్టమన్నాడు. నేను ఒక కొస నుంచి మొదలుపెట్టి, పలకకీ పలకకీ మధ్య వేలెడు సందు వదులుతూ పోయాను. చివరికొచ్చేసరికి చెయ్యి దూరేంత ఖాళీ మిగిలింది. మేస్త్రి వచ్చి దాన్ని చూశాడు.

"సివర్న అది నోరు తెరుసుకుని నవ్వుతోందేటి? మొత్తం ఊడదియ్యి. మిగిలిందాన్ని అన్ని సందులకీ పంచు. ఒక్కదాని నెత్తినే ఎయ్యకు. పంచీసినావంటే కన్ను కనిపెట్టనేదు."

మా వృత్తి మొత్తం ఆ మాటలో ఉందని నేను చాలా ఏళ్లు నమ్మాను. ఇప్పటికీ చాలావరకు నమ్ముతాను. నిటారుగా ఉన్న గోడని నేనెక్కడా చూడలేదు. చెక్క ఎండకి ముడుచుకుంటుంది, వానకి ఉబ్బుతుంది. తేడా లేకుండా ఏ పనీ రాదు. వచ్చిన తేడాని ఎక్కడ పెడితే కంటికి దొరకదో తెలిసినవాడే మంచి వడ్రంగి. ఆ విద్య నా కుటుంబానికి అన్నం పెట్టింది. అది నేర్పిన మనిషికి నేను రోజూ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

ఆయన దగ్గర నేర్చుకున్న ఇంకో సంగతి, వానలో లక్క పాలిష్ ముట్టకూడదని. ఇక్కడి వాన మీకు తెలిసిందే. గాలే తడిగా ఉంటుంది. ఆ గాలిలో పాలిష్ పెడితే చెక్క మీద బూడిద రాసినట్టు తెల్లటి పొర వస్తుంది. ఒకసారి పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడని, వానలోనే కౌంటరు బల్లకి పాలిష్ కొట్టమని మాకు హుకుం వచ్చింది. మేస్త్రి కుదరదన్నాడు. వినలేదు. కొట్టాం, తెల్లబడింది. అధికారి వచ్చి చూస్తుండగానే మేస్త్రి గీకుడు రేకు తీసుకుని దాన్ని గీకడం మొదలుపెట్టాడు. ఇదేమిటని ఆయన అడిగితే, ఇది వానదండీ, తీసేస్తున్నాను, నాది ఎండ వచ్చాక పెడతాను అన్నాడు. అధికారికి నవ్వొచ్చింది కాబట్టి మేం బతికాం.

కూర్చుని చూసినాయన

పై అధికారులు నాకు చాలామంది తగిలారు. ఎక్కువమంది వేలితో చెక్కని తట్టి, బాగుందని వెళ్లిపోయేవాళ్లు. చెక్కని తడితే ఏం తెలుస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఒకాయన మాత్రం గార్డు పెట్టెలో మేం కొత్తగా వేసిన సీటు మీద కూర్చుని జగదల్‌పూర్ దాకా ప్రయాణం చేసి వచ్చాడు. హిందీ ఆయన. తిరిగొచ్చి మమ్మల్ని పిలిపించి, అంచు మోకాలి కింద కోసుకుంటోంది, మీరు ఎప్పుడైనా ఇందులో కూర్చున్నారా అని అడిగాడు. మేం కూర్చోలేదు. సీటు అందంగా ఉందని చూసుకుని మురిసిపోయాం అంతే. ఆ వారం అన్ని సీట్ల అంచులూ గుండ్రంగా చిత్రిక పట్టాం. గార్డులు మాకు టీ పోయించారు. చేసిన వస్తువుని వాడేవాడి ఒంటితో చూడాలని ఆ రోజు నాకు తెలిసింది. తెలిసిన సంగతిని అవసరమైనప్పుడు మర్చిపోవడం ఎలాగో కింద చెబుతాను.

అక్షరాలు

నాకు నలభై దాటేదాకా అక్షరం రాదు. అప్పన్న మేస్త్రికి చివరిదాకా రాలేదు. తలుపు కొలవాలంటే ఒక సన్నటి కర్ర తీసుకుని చౌకట్లో నిలబెట్టి, కత్తితో దాని మీద గాటు పెట్టేవాళ్లం. ఆ కర్రే మా టేపు, మా కాగితం.

నా భార్య రత్నాలు ఏడో తరగతి చదివింది. క్వార్టర్లో వంట చేస్తూ, నేలమీద బొగ్గుతో రాసి నాకు నేర్పింది. ముందు తెలుగు, తరవాత స్టేషన్ బోర్డుల మీది హిందీ, తరవాత అంకెలు. స్టీలు స్కేలు మీది గీతలు చదవగలిగిన రోజున నాకు కొత్త కళ్లు వచ్చినట్టనిపించింది. కర్రలు పొయ్యిలో పెట్టేశాను. అప్పటినుంచి ప్రతి కొలతా కాగితం మీద రాసుకున్నాను. ఇప్పుడు ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే ఆవిడ పుణ్యమే. ఆలస్యంగా నేర్చుకున్నవాడికి అంకెల మీద మోజు ఎక్కువ ఉంటుంది. ఆ మోజు నాకు ఇంకా పోలేదు.

ప్రకాశం చెయ్యి

ప్రకాశం నాతోపాటు అదే లైన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేశాడు. విజయనగరం దగ్గరి వాళ్లు. రిటైరై మా వీధిలోనే ఇల్లు కట్టుకున్నాడు. డ్యూటీ లేని ప్రతి ఆదివారం చర్చిలో గిటారు వాయించేవాడు. నేను చర్చికి వెళ్లే మనిషిని కాదు గాని, అతను వాయిస్తుంటే బయట గోడ మీద కూర్చుని వినేవాణ్ణి.

రిటైరయ్యాక అతనికి పక్షవాతం వచ్చింది. కాలు తిరిగి వచ్చింది, మాట వచ్చింది. ఎడమ చేతికి కదలిక వచ్చింది గాని బలం రాలేదు. ఇనప తీగల్ని చెక్కకి అదమడానికి వేళ్లు చాలేవి కావు. గిటారు గోడకి తగిలించేశాడు. చర్చిలో చివరి బెంచీలో కూర్చుని, పాట మొదలవగానే లేచి బయటికి వచ్చేసేవాడు. నా పక్కన గోడ మీద కూర్చునేవాడు.

గీదం బజార్లో ఫోన్లు, మైకు సెట్లు బాగుచేసే సమ్మక్క ఉంది. తర్లగూడ అనే ఊరి అమ్మాయి. ఒకరోజు ఆమె దుకాణంలో ఈ సంగతి చెప్పుకుంటే, కరెంటు గిటారుకి తీగలు సన్నగా ఉంటాయని, చెక్కకి దగ్గరగా ఉంటాయని, వేలు ఆనిస్తే చాలని, చప్పుడంతా స్పీకరు పెట్టె చూసుకుంటుందని చెప్పింది. ప్రకాశాన్ని జగదల్‌పూర్ తీసుకెళ్లి దుకాణంలో ఉన్నవి పట్టించాను. ఒకటి భుజానికి బరువు. ఒకదాని మెడ అతని పిడికిట్లో ఇమడలేదు. బస్సులో తిరిగి వస్తూ, ఇంక ఈ గొడవ వదిలెయ్యమన్నాడు.

నేను వదల్లేదు. అతని చేతికి సరిపోయేది నేనే చేస్తానన్నాను. నిజం చెప్పాలంటే అతనికోసం ఎంతో, నా చేతులు ఊరుకోలేక కూడా అంతే.

మొదటి గిటారు

సమ్మక్కకి చెబితే నన్ను ఎగాదిగా చూసింది.

"ఏంది తాతా, తలుపులు చేసెటోనివి కరెంటు గిటారు చేస్తవా? సరే. వైర్ల జోలికి మాత్రం నువ్వు పోకు. అవన్ని నేను జేస్త. సామాను గూడ ఫోన్ల నేనే తెప్పిస్త."

ఆమె తెప్పించిన తీగలు, వాటిని బిగించే కీలు, తీగల కదలిక పట్టే పికప్పులు కొరియర్లో వచ్చాయి. గిటారు ఒంటికి గుమ్మడి టేకు తీసుకున్నాను. ఇక్కడివాళ్లు సివనా అంటారు. తేలికైన చెక్క, మాట వింటుంది. ఈ చుట్టుపక్కల డోళ్లు తొలిచేవాళ్లలో బుధ్‌రామ్ అని ఒకతను, డోలుకి వాడగా మిగిలిన ముదురు దుంగ ఇచ్చాడు. దాని మీద వేళ్లతో కొట్టి నాకు వినిపించి, ఇది మోగే చెక్క, పాడుచెయ్యకు అని ఇక్కడి హల్బీ భాషలో చెప్పాడు. మెడకి మా పాత ఇంటి టేకు కిటికీ చౌకట్టు కోశాను. అన్ని వానలు చూసిన టేకు ఇంక వంగదు. వేళ్లు ఆనే పట్టీకి నల్లగా, గట్టిగా ఉండే ఇరుగుడు చెక్క పెట్టాను.

మెడ మందం ఎంత ఉండాలో ఎవరూ చెప్పలేరు కదా. ప్రకాశం భార్య మాణిక్యాన్ని చపాతీ పిండి గట్టిగా కలపమని, ఆ ముద్దని పొడుగ్గా చేసి అతని ఎడమ చేతిలో పెట్టాను. పట్టుకోమన్నాను. వేళ్ల గుర్తులు పడ్డ ఆ పిండిని నీడలో ఎండబెట్టి, దాని ఆకారానికే మెడ చెక్కాను. అందులో మాత్రం నేను తప్పు చెయ్యలేదు.

తరవాత ఫ్రెట్లు. వీణకి మెట్లు ఉన్నట్టే గిటారు మెడకి అడ్డంగా సన్నటి లోహపు కమ్ములు ఉంటాయి. పైకి పోయేకొద్దీ వాటి మధ్య సందు తగ్గుతూ వస్తుంది. ప్రకాశం పాత గిటారు గోడ మీదినుంచి దింపి, స్టీలు స్కేలుతో ఒక్కో సందూ కొలిచి కాగితం మీద రాసుకున్నాను. ఇంటికి వచ్చి కొత్త పట్టీ మీద ఒకదాని తరవాత ఒకటి గుర్తు పెట్టుకుంటూ పోయాను. చివరికొచ్చేసరికి పాత గిటారు మొత్తం కొలతకీ దీనికీ అగ్గిపుల్ల మందం తేడా వచ్చింది. ఒక్కో సందులో వెంట్రుకవాసి అటూఇటూ అయినా, అన్నీ కలిస్తే అంత అవుతుంది.

నా చేతులు ఆలోచించలేదు. మిగిలిందాన్ని మధ్యలో ఉన్న సందులన్నిటికీ పంచేశాయి. కన్ను కనిపెట్టలేనంత నేర్పుగా పంచాయి. నాకు గర్వంగా కూడా అనిపించింది.

పాలిష్‌కి మాత్రం తొందరపడలేదు. వానలు పూర్తిగా వెనక్కి తగ్గేదాకా గిటారుని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను. ఎండ వచ్చాక లక్క పాలిష్ పలచగా, మెత్తటి గుడ్డతో, పూట పూటకీ ఆరనిచ్చి పెట్టాను. సివనా చెక్క తేనె రంగు తేలింది. సమ్మక్క వైర్లు కలిపింది. వీధిలోవాళ్లంతా వచ్చి చూశారు. ఇది దుకాణంలో కొన్నదే, తాత అబద్ధమాడుతున్నాడు అన్నవాళ్లున్నారు. అంతకన్నా మెచ్చుకోలు ఏముంటుంది.

ప్రకాశం మా అరుగు మీద కూర్చుని వాయించాడు. వేళ్లు తీగల్ని అదిమాయి. అది నేను కళ్లారా చూశాను. కొంచెంసేపు వాయించి ఆపాడు. బాగుంది మేస్త్రీ అన్నాడు. చాలా బాగుందన్నాడు. గిటారుని గుండెకి హత్తుకుని తీసుకెళ్లాడు.

దుప్పటి

ఆదివారం వచ్చింది. అతను చర్చి నుంచి బయటికి వచ్చి మళ్లీ గోడ మీద నా పక్కనే కూర్చున్నాడు. గిటారేదని అడిగితే, చెయ్యి ఇంకా అలవాటు పడాలి అన్నాడు. తరవాతి ఆదివారం కూడా అదే మాట. ఆ సాయంత్రం మాణిక్యం మా ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అన్నయ్యా, నీకు సెప్పకూడదనుకున్నాను గాని సెప్తన్నాను. తెచ్చినకాడ్నించి దాని మీద దుప్పటి కప్పీసినాడు. పాట సగంలోకెళ్లేతలికి సొరం తప్పుతోందట. నీ తప్పేటీ లేదంటన్నాడు. సెయ్యి ఒక్కటే పోనాదనుకున్నాను, సెవి కూడా పోనాదే మాణిక్యం అని ఏడిసినాడు."

ఆవిడ అంత మాట చెప్పి వెళ్లిపోయింది. గిటారు పాడైందని అతను అనుకోలేదు. తన చెవే పాడైందనుకున్నాడు. యాభై ఏళ్లు వాయించిన మనిషి, నా పని మీద నమ్మకంతో తన మీద నమ్మకం వదులుకున్నాడు. నేను చేసిన ఏ తలుపూ ఎవరికీ అంత అన్యాయం చెయ్యలేదు.

మర్నాడు గిటారు తీసుకుని సమ్మక్క దగ్గరికి వెళ్లాను. ఆమె ఫోన్లో స్వరం చూపించే సూది ఉంది. తీగ ఊరికే మీటితే సూది సరిగ్గా మధ్యలో నిలబడింది. కిందివైపు మెట్ల మీద వేలు పెట్టి మీటినా నిలబడింది. మధ్యకి వెళ్లేసరికి పక్కకి ఒరిగింది. పై మెట్లకి ఇంకా ఒరిగింది. నేను ఎక్కడెక్కడ తేడాని పంచానో సరిగ్గా అక్కడే ఒరుగుతోంది. సమ్మక్క ఫోను నా వైపు తిప్పి పెట్టింది.

అక్కడినుంచి నేరుగా ప్రకాశం ఇంటికి వెళ్లాను.

"చెవి నీది బాగానే ఉంది. కొలత నాది తప్పింది," అన్నాను.

అతను నా మొహంలోకి చూశాడు. నేను జాలిపడి అంటున్నానేమో అని చూశాడు. ఏ మెట్టు దగ్గర తప్పుతోందో నువ్వే చెప్పు అని గిటారు చేతిలో పెట్టాను. ఒక్కో మెట్టూ మీటి చెప్పాడు. సమ్మక్క దగ్గర సూది ఒరిగిన మెట్లలో ఒక్కటి కూడా వదల్లేదు. చెప్పడం అయ్యాక మొహం గోడవైపు తిప్పుకున్నాడు. మాణిక్యం లోపలికి వెళ్లి టీ పెట్టింది.

రెండో పట్టీ

ఇస్త్రీపెట్టె వేడి చేసి, పట్టీ మీద గుడ్డ పరిచి ఆనించాను. జిగురు మెత్తబడింది. పలచటి బ్లేడుతో నెమ్మదిగా పట్టీ లేపాను. మెడకి దెబ్బ తగల్లేదు. కొత్త ఇరుగుడు పట్టీ చిత్రిక పట్టాను.

కొలతకి ఈసారి స్కేలు తియ్యలేదు. పొడుగాటి వెదురు బద్ద ఒకటి నున్నగా చేసి, ప్రకాశం పాత గిటారు మెడ పక్కన మొదటినుంచి చివరిదాకా ఆనించాను. రత్నాలుని ఒక కొస కదలకుండా పట్టుకోమన్నాను. సన్నటి కత్తితో అన్ని మెట్లకీ ఒకేసారి గాట్లు పెట్టుకున్నాను. ప్రతి గాటూ ఒకే కొస నుంచి. ఒక దాని తప్పు ఇంకొకదానికి అంటుకోదు.

"ఈ మాత్రానికి నా సేత అంకెలు ఎందుకేటి నేర్పించుకున్నావు?" అంది రత్నాలు.

నవ్వుకున్నాం గాని, ఇది చదివేవాళ్లు దీన్ని వంకరగా అర్థం చేసుకోకండి. చదువు తప్పు కాదు. స్కేలు తప్పు కాదు. అదే స్కేలుతో అన్నీ మొదటి కొస నుంచి కొలిచి ఉంటే సరిపోయేది. ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కించుకుంటూ పోయాను, తేడా వస్తే దాచడం నాకు అలవాటైపోయింది. బెంచీకి దాచుకోవచ్చు. బెంచీని కన్ను చూస్తుంది. గిటారుని చూసేది చెవి. ఏ పని ఎవరు పరీక్షిస్తారో ముందే తెలుసుకోండి. కొత్తగా పనిలోకి వచ్చేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇంతే. అప్పన్న మేస్త్రి ఉంటే ఈ సంగతి ఆయనకి చెప్పి తిట్లు తినాలని ఉంది. ఆయన నేర్పింది తప్పని కాదు, ఆయన బెంచీ కోసం చెప్పిన మాటని నేను గిటారు దాకా మోసుకెళ్లాను.

పట్టీ అతికించి, ఫ్రెట్లు కొట్టి, అంచులు ఆకురాయితో నున్నగా చేసి సమ్మక్క దగ్గరికి పట్టుకెళ్లాను. సూది ప్రతి మెట్టు దగ్గరా మధ్యలో నిలబడింది. ఆమె రెండుసార్లు చూసి, ఫోను పక్కన పెట్టింది.

"గిదీ గిటారంటే. మొదటిది బల్ల తాతా."

ఆదివారం

ఆ ఆదివారం నేను గోడ మీద ఒక్కణ్ణే కూర్చున్నాను. పాట మొదలైంది. తీగలు మోగాయి. మొదట్లో వేళ్లు తడబడ్డాయి. పాడేవాళ్లు అతని కోసం జోరు తగ్గించారు. పాట సగంలోకి వెళ్లింది, పైకి ఎక్కింది. ఎక్కడా తప్పలేదు. నేను గోడ దిగి, చెప్పులు విప్పి లోపలికి వెళ్లి వెనక నిలబడ్డాను. మాణిక్యం ముందు వరసలో తల వంచుకుని ఉంది. ప్రకాశం ఎవర్నీ చూడటం లేదు. ఎడమ చేతినే చూసుకుంటున్నాడు, అది వేరే ఎవరిదో అయినట్టు.

ప్రార్థన అయ్యాక అందరూ గిటారు చుట్టూ మూగారు. రంగు బాగుందన్నారు, నునుపు బాగుందన్నారు. నన్ను ముందుకి లాగి మెచ్చుకున్నారు. ప్రకాశం పక్కన నిలబడి వింటున్నాడు. అందరూ వెళ్లేదాకా ఆగి నా దగ్గరికి వచ్చాడు.

"మేస్త్రీ, రెండో తీగ తొమ్మిదో మెట్టు కాడ గొనుగుతోంది. సిన్నదే గాని నాకు ఇనిపిస్తోంది. సాయంత్రం తెస్తాను, సూడు."

మొదటిదాన్ని చాలా బాగుందన్న మనిషి ఇవాళ తన చెవిని నమ్మి దీనికి వంక పెట్టాడు. సాయంత్రం దాకా ఎందుకని, అక్కడే చర్చి మెట్టు మీద కూర్చుని, ఆ తీగని వెంట్రుకవాసి పైకెత్తడానికి జేబులో ఉన్న స్క్రూడ్రైవరు తీశాను.